మురళీ సేఠ్ దుకాణం మొత్తం కొన్న రోజు

మురళీ సేఠ్ పోయాడని నాకు పోర్ట్ బ్లెయిర్ అబర్డీన్ బజార్లో టైలర్ చెప్పాడు. ప్యాంటు పొడుగు తగ్గించుకుందామని వెళ్ళాను. నోట్లో గుండుసూదులు పట్టుకునే, "అరే భాయ్, ఆ వీడియోగేమ్ కొట్టు సేఠ్ లేడూ, చల్ బసా. నిన్న పొద్దున" అన్నాడు. అలాంటప్పుడు 'పాపం' అనాలి. ఆ మాట నా నోటికి రాలేదు. ప్యాంటు ఎప్పుడిస్తావని అడిగి, గరాచర్మ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఫోన్ తీస్తే ఆన్‌లైన్ దుకాణంలో వీడియోగేముల తగ్గింపు అమ్మకం నడుస్తోంది. మా స్టాపు వచ్చేలోగా పదకొండు కొన్నాను. వాటిలో ఒక్కటి కూడా ఈ ఏడాది తెరిచి చూడనని కొంటున్నప్పుడే తెలుసు. అయినా ఒక్కోటి కొన్నప్పుడల్లా ఆయన చితి మీద పుల్ల వేసినట్టే అనిపించింది. దాచుకోవడం దేనికి, హాయిగానే అనిపించింది.

ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ సరోజ కూరలు తరగడం ఆపి నా ముఖంలోకి చూసింది. "ఎల్లరా? మనోళ్ళే కదా. ఏక్ బార్ ముఖం చూపించి వచ్చీండి" అంది. వెళ్ళనన్నాను. "సచ్చిపోయినోడి మీద గుస్సా ఏటండీ?" అంది. "చచ్చిపోతే తగ్గిపోవాలా?" అన్నాను. ఆమె మళ్ళీ కూరలు తరగడంలో పడింది. నేను వెళ్ళలేదు. పోర్ట్ బ్లెయిర్లో మా తెలుగువాళ్ళలో ఎవరు పోయినా కొబ్బరికాయలు మోయడానికైనా ముందుండే మనిషిని, ఆ ఒక్క శవం దగ్గరికి పోలేదు. ఎందుకు పోలేదో చెప్పాలంటే మా జంగ్లీఘాట్ ఇంటికి వెళ్ళాలి.

మాది రేకుల ఇల్లు. వానాకాలంలో ఆ రేకుల చప్పుడుకి మాట వినపడక, మా ఇంట్లో అందరికీ గట్టిగా మాట్లాడటం అలవాటైపోయింది. గుమ్మానికి ఒక పక్క నాన్న డింగీ పడవ ఇంజనూ డీజిల్ డబ్బాలూ, ఇంకో పక్క ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలు. మధ్యలో పీట వేసుకుని, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ మా నాయినమ్మ. సిక్కోలు సముద్రం ఒడ్డు నుంచి ఓడెక్కి వచ్చేటప్పుడు తెచ్చుకున్నది ఆ చుట్ట అలవాటొక్కటేనని ఆమే అనేది. నాన్న తెల్లారేసరికి వేట నుంచి వచ్చి, ఉల్లిపాయ కొరుక్కుంటూ చద్దన్నం తిని, వల మీదే తల పెట్టి పడుకునేవాడు. ఆ తర్వాత ఇంటి పని, బయటి పని అంతా అమ్మదే. బుట్ట నెత్తిన పెట్టుకుని బజారుకి వెళ్ళేది. నిక్కోబారీల నుంచి బెంగాలీల దాకా ఎవరి భాషలో వాళ్ళతో బేరమాడి, మధ్యాహ్నానికి తిరిగొచ్చేది.

వచ్చాక అమ్మ చేసే మొదటి పని నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. పెరట్లో మగ్గు నీళ్ళు పెట్టుకుని, సగం నిమ్మచెక్కతో మోచేతుల దాకా రుద్దుకునేది. తర్వాత కల్లుప్పుతో, ఆఖరున సబ్బుతో. అన్నీ అయ్యాక అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకునేది. వాసన ఉంటే మళ్ళీ మొదటి నుంచి. అప్పటిదాకా మమ్మల్ని ముట్టుకునేది కాదు. "బుక్కులకి ఆసన అంటుద్దిరా, బళ్ళో నిన్ను ఏడిపిస్తారు" అనేది. బళ్ళో అప్పటికే ఏడిపిస్తున్నారని నేనెప్పుడూ చెప్పలేదు. మా ఇంట్లో నిమ్మకాయ అంటే పులిహోర కాదు, పచ్చడి కాదు. అమ్మ చేతులు.

ఆ రోజుల్లో ఒక ఓడ మనిషి పెద్ద రాతిరొయ్యకి బదులుగా నాన్నకి పాత టీవీ గేమ్ మెషీన్ ఒకటి ఇచ్చాడు. దానితో పాటు ఒకే ఒక్క క్యాసెట్. అందులో ఒక మనిషి గోడలు దూకుతూ పోతుంటాడు, మూడో గోడ దగ్గర మెషీన్ వేడెక్కి బొమ్మ ఆగిపోతుంది. ఆ మూడు గోడలనే నేను ఏడాది పొడుగునా ఆడాను. ఇంకో క్యాసెట్ కావాలని అమ్మ ప్రాణం తీస్తే, అర్ధసంవత్సరం పరీక్షల్లో అన్నీ పాసైతే కొంటానంది. పాసయ్యాను. లెక్కల్లో గట్టెక్కడం ఎంత కష్టమైందో మా మాస్టారికి తెలుసు.

బజార్లో ఒక సందులో ఉండేది మురళీ సేఠ్ కొట్టు. ముందు గదిలో నాలుగు టీవీలు, ఒక్కో టీవీ ముందు రెండేసి స్టూళ్ళు. అరగంటకింతని ఇచ్చి ఆడుకోవాలి. గోడకి అద్దాల బీరువాలు, వాటినిండా రంగురంగుల క్యాసెట్లు. లోపల ఎప్పుడూ ఫ్యాను గాలి, అగరొత్తుల వాసన. సేఠ్ అని పిలిచేవారు గాని ఆయన సేఠూ కాదు, హిందీవాడూ కాదు. వాళ్ళ నాన్నది విశాఖ జిల్లా. అయినా కొట్లో ఎవరు తెలుగులో పలకరించినా హిందీలోనే జవాబిచ్చేవాడు. భుజాన ఎప్పుడూ ఒక పసుప్పచ్చ గుడ్డ ఉండేది, క్యాసెట్లు తుడవడానికి. వానలు పట్టి, ఓడలు ఆలస్యమై, బజారు పల్చబడ్డ రోజుల్లో పాత క్యాసెట్లు సగం ధరకని తలుపుకి అట్టముక్క వేలాడదీసేవాడు. నేను బడి నుంచి వస్తూ ఆ సందులో ఆగి, అట్టముక్క ఉందో లేదో చూసుకుని, బీరువాలో పై వరసలో ఉన్న ఎర్ర క్యాసెట్ అమ్ముడుపోలేదని రూఢి చేసుకుని ఇంటికి పోయేవాణ్ణి.

పాసయ్యాక ఒక సెలవు రోజున అట్టముక్క కనబడితే, బజార్లో అమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆమె ఇంటికొచ్చి చేతులు కడుక్కుని వెళ్దామనే అనుకుంది. కానీ వాన పట్టేలా ఉందని, కొట్టు మూసేస్తాడని నేనే తొందరపెట్టాను. ఆ తొందర నాది. ఈ మాట రాసేటప్పుడు కూడా చెయ్యి ఆగుతోంది. అమ్మ ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని, చీర కుచ్చెళ్ళు దోపుకుని, నా వెనకే మెట్లెక్కింది.

"అమ్మా, ఇధర్ నహీ. బుట్ట బాహర్ రఖో" అన్నాడు సేఠ్.

అమ్మ కిందికి దిగి, బుట్ట మెట్ల పక్కన పెట్టి మళ్ళీ వచ్చింది. అద్దాల బల్ల మీద చెయ్యి వేసి, నవ్వుతూ, "బోర్డు సూసినాం బాబూ. సగం ధరంట కదా. మా గుంటడికి అదిగో, ఆ ఎర్రది" అంది.

ఆయన పసుపు గుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. "బుట్ట ఒక్కటే కాదు, తుమ్ భీ. బాహర్ ఖడీ రహో" అన్నాడు. టీవీల ముందు కూర్చున్నవాళ్ళు ఆట ఆపి ఇటు తిరిగారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వినేసరికి ఆయనకి హుషారొచ్చింది. హిందీ వదిలి, మాకు బాగా అర్థం కావాలని కాబోలు, తేట తెలుగులో అన్నాడు: "ఆ ధర మీలాంటోళ్ళకి కాదు. ఇదేం చేపల మార్కెట్టు కాదు. మెషీన్లకి వాసన పట్టేస్తాది, పోండి."

అమ్మ చెయ్యి తీసేసింది. ఆ చెయ్యి ఆనిన చోట ఆయన గుడ్డతో తుడిచాడు. ఒకసారి తుడిచి, వంగి వాసన చూసి, మళ్ళీ తుడిచాడు. ఇంకో అగరొత్తి వెలిగించాడు. బజార్లో తూకం దగ్గర ఎవరైనా అటూ ఇటూ అంటే వీధి దద్దరిల్లేలా అరిచే మనిషి, మౌనంగా మెట్లు దిగింది. బుట్ట తీసుకునే ముందు అరచెయ్యి ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూసుకుంది. నడిబజార్లో, అంతమంది తిరుగుతుండగా. నేను పుట్టాక అమ్మ ఏడవడం చూశాను, కొట్టడం చూశాను, సుస్తీతో పడి ఉండగా చూశాను. అవేవీ నన్ను అంత కోయలేదు.

ఇంటికొచ్చాక ఆమె నాలుగు నిమ్మకాయలు అరగదీసింది. మర్నాటి నుంచి ఆ సందు మానేసి, ఎత్తు రోడ్డెక్కి చుట్టూ తిరిగి ఇంటికి రావడం మొదలుపెట్టింది. ఆలస్యమెందుకైందని నాయినమ్మ అడిగితే కాలు నొప్పంది. ఎత్తెక్కితే కాలు నొప్పి తగ్గుతుందా అని నాయినమ్మ అడగలేదు. చుట్ట తీసి నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ నోట్లో పెట్టుకుంది.

నేను ఊరుకోలేదు. ఒక ఆదివారం కానాగంత చేపల పేగులు కాగితంలో చుట్టి, కొట్టు వెనక సందులోంచి ఎక్కి వెంటిలేటర్లోంచి లోపలికి జారవిడిచాను. ఫ్యాను గాలికి అగరొత్తుల వాసన ఎటు పోయిందో! రెండు రోజులు కొట్టు మూసి ఫినాయిలు పోసి కడిగించాడు. ఎదురు టీకొట్టు దగ్గర నిలబడి ఆ కడగడం ఆసాంతం చూశాను. ఆ ఆనందం వారం రోజులు నిలిచింది. తర్వాత మళ్ళీ అదే మంట. ఆయనకి ఎవరు చేశారో తెలియదు, ఎందుకు చేశారో అంతకన్నా తెలియదు. తెలియని దెబ్బ దెబ్బే కాదని నాకప్పుడే అర్థమైంది. ఏదో ఒక రోజు ఆయన నా ముఖం చూసి, నా పేరు తెలిసి, తలవంచాలి. దానికోసమే చదివాను. దానికోసమే ఐటీఐలో చేరాను, ద్వీపాల మధ్య తిరిగే ఫెర్రీలో ఇంజన్ గది ఉద్యోగం పట్టాను. మిగతావాళ్ళు ఇల్లు కట్టాలని, పెళ్ళి చేసుకోవాలని సంపాదిస్తారు. నేను ఆ బీరువా పై వరస కోసం సంపాదించాను.

ఆ రోజు తనంతట తానే వచ్చింది. కంప్యూటర్లొచ్చాయి, ఫోన్లలోకే ఆటలొచ్చాయి, సేఠ్ కొట్లో స్టూళ్ళు ఖాళీ అయ్యాయి. ఒకసారి హేవ్‌లాక్ దీవి ట్రిప్పు ముగించుకుని వస్తే, బజార్లో ఎవరో చెప్పారు, కొట్టు ఎత్తేస్తున్నాడని, ఉన్నవన్నీ సగం ధరకే ఇచ్చేస్తున్నాడని. మర్నాడు సెలవు పెట్టాను. పొద్దున్నే జెట్టీకి వెళ్ళి, నాన్న స్నేహితుల డింగీల నుంచి బుట్టలు దించాను. అడగని సాయం చేస్తున్నానని వాళ్ళు ఆశ్చర్యపోయారు. చొక్కా నిండా నీచునీళ్ళు కారేదాకా మోశాను. ఆఖరున ఒక బుట్ట కవ్వళ్ళు కొని, భుజాన పెట్టుకుని, తిన్నగా ఆ సందులోకి నడిచాను. మెట్లెక్కి, బుట్ట తీసుకెళ్ళి అద్దాల బల్ల మధ్యలో పెట్టాను. నీళ్ళు అద్దం మీద నుంచి కారి కింద పడుతున్నాయి.

సేఠ్ ముసలివాడయ్యాడు. కళ్ళద్దాల పైనుంచి చూసి, లేచి నిలబడి, "ఆయియే సర్" అన్నాడు. బుట్టలోకి తొంగిచూసి, "అచ్ఛా! కవ్వళ్ళా? తాజాగా ఉన్నాయి సర్. ఏ జెట్టీలో దొరికాయి?" అన్నాడు.

నేనింకేదో అనుకుని వచ్చాను. ముక్కు మూసుకుంటాడని, పొమ్మంటాడని, అప్పుడు నోట్లు తీసి చూపించాలని. ఎన్నేళ్ళుగానో మనసులో ఆడుకున్న ఆట అది. ఆయన పొమ్మనలేదు. కొనేవాడి దగ్గర వాసన రాదని నాకు తెలియదు. "ఉన్నవన్నీ కట్టండి" అన్నాను. "అన్నీ అంటే?" "బీరువాల్లో ఉన్నవన్నీ. ఒక్కోటి తుడిచి, కాగితంలో చుట్టి." ఆయన నమ్మలేక రెండుసార్లు అడిగి, చుట్టడం మొదలుపెట్టాడు. నేను స్టూలు మీద కూర్చుని చూశాను. పై వరస నుంచి కింది వరస దాకా, పసుప్పచ్చ గుడ్డతో తుడిచి తుడిచి చుట్టాడు. మధ్యలో నడుం పట్టుకుని నిలబడ్డాడు. సాయం పట్టాలనిపించలేదు. మూడు పెద్ద అట్టపెట్టెలయ్యాయి.

"సేఠ్, నన్ను గుర్తుపట్టావా?" అన్నాను.

"మాఫ్ కర్నా సర్, రోజూ ఎంతమందో వచ్చేవారు."

"మా అమ్మ బుట్ట పట్టుకుని వచ్చింది ఒకసారి."

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, నటన కాదు. తల అడ్డంగా ఊపాడు. మా ఇంట్లో పదిహేనేళ్ళు మంట పెట్టిన మనిషికి ఆ మంట సంగతే తెలియదు. అప్పుడు నాకు ఇంకా కసి పుట్టింది. "పెట్టెలు ఇంటికి చేర్చాలి. నువ్వే వచ్చి మా అమ్మ చేతికివ్వాలి. అలా అయితేనే తీసుకుంటాను" అన్నాను. అన్నీ ఒక్క దెబ్బకి అమ్ముడుపోయే బేరం ఎవరు వదులుకుంటారు? జీపు పిలిపించి, పెట్టెలతోపాటు తనూ ఎక్కాడు.

జంగ్లీఘాట్లో అమ్మ వాకిట్లో వల పరిచి నెత్తళ్ళు తిరగేస్తోంది. అప్పటికి బజారు మానేసింది, ఇంటి దగ్గరే ఎండబెట్టి అమ్మేది. సేఠ్ ఒక పెట్టె తానే మోసుకుంటూ ఆయాసపడుతూ లోపలికొచ్చాడు. "అమ్మా, ఎవరొచ్చారో చూడు" అన్నాను. నా గొంతు నాకే పండగలా వినిపించింది. అమ్మ తలెత్తింది. చేపల మీద ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో అంతా గుర్తొచ్చిందని నాకు తెలిసింది. తర్వాత కొంగుకి చెయ్యి తుడుచుకుని లేచింది.

"రండి బాబూ. లోపలికొద్దు, లోపలంతా ఆసన. మీకు పడదు. ఇక్కడ కూకోండి" అని స్టూలు తెచ్చి వేసింది. ఎక్కడ వేసిందనుకున్నారు? నెత్తళ్ళ వలకి ఆనించి, గాలి వాలున. నన్ను టీ పెట్టమంది. తను మళ్ళీ కూర్చుని చేపలు తిరగేయసాగింది. నేను టీ తెచ్చేసరికి సేఠ్ ఆమె చేతులకేసి చూస్తున్నాడు. ఈగలు ముసురుతున్నాయి. గ్లాసు అందుకుని పెదాల దాకా తెచ్చి ఆగిపోయాడు. ముఖం రంగు మారింది.

"అమ్మా, మీరు... ఒకసారి కొట్టుకి..." అన్నాడు. తెలుగులోనే.

"టీ సల్లారిపోతాది బాబూ" అంది అమ్మ, తలెత్తకుండా.

"ఆ రోజుల్లో నేను కొంచెం..."

"ఏ రోజులు? నాకేటీ తెల్దు. తాగండి."

"కాదమ్మా, నా మాట వినండి, ఆ రోజు నేనన్నది..."

"పంచదార సాల్నేదా?" అంది.

మూడుసార్లు ఆయన నోరు తెరిచాడు, మూడుసార్లూ ఆమె మూసేసింది. మర్యాదగా, మెత్తగా, గడియ పెట్టినట్టు. తప్పయిందనే మాట గొంతులోనే పెట్టుకుని, ఆ టీతో కలిపి మింగి, లేచి దండం పెట్టి వెళ్ళిపోయాడు. తిరుగు దండం పెట్టడానికి ఆమె చేతులకి చేపలు అడ్డం వచ్చాయి. నేను మూడు పెట్టెల క్యాసెట్లతో చేయలేనిది ఆమె ఒక గ్లాసు టీతో చేసింది.

జీపు మలుపు తిరిగాక నేను పగలబడి నవ్వాను. అమ్మ నవ్వలేదు. నా చొక్కా వైపు చూసింది. "ఈ కంపేటి? నువ్వు డ్యూటీకి ఎల్లలేదా?" అంది. చెప్పాను, పొద్దుటి నుంచి చేసినదంతా. విని, మరో వరస చేపలు తిరగేసింది. "ఈ ఆసన వొదిలించుకోడానికి నాను ఎన్ని నిమ్మకాయలు అరగదీసినాను! నువ్వు దాన్ని ఒళ్ళంతా పూసుకుని బజారుకెల్నావు. నాకోసమా, నీకోసమా?" అంది. నీకోసమే అన్నాను. "నన్నడగనేదు మరి" అంది. వల అంచు సర్దుతూ, "మర్సిపోయినానంటే అబద్ధం. ఇయాల సూసినావు కదా, మర్సిపోనేదు. గానీ నాను దాన్ని రోజూ వండుకు తిన్లేదురా. నువ్వు తింటన్నావు" అంది. బుట్టలో కవ్వళ్ళు చూసి, మంచివే తెచ్చావని మెచ్చుకుని, పులుసు పెట్టింది.

ఆ మాట నేను వినలేదు. విన్నాను గాని మానలేదు. ఆ పెట్టెల్లో క్యాసెట్లు ఒక్కొక్కటే ఆడి ముగించాలని పెద్ద నోటుబుక్కులో పేర్లన్నీ రాశాను. ఇరవయ్యో ముప్ఫయ్యో ఆడేసరికి మెషీన్ పోయింది. ఇంకోటి కొంటే దాంతోపాటు కొత్త ఆటలు. ఎక్కడ తగ్గింపు అని కనిపించినా కొన్నాను. అందులో ఒక లెక్క ఉండేది. ఆ సగం ధర మాలాంటివాళ్ళకి కాదన్నాడు కదా, అందుకని పూర్తి ధరకి ఒక్కటి కూడా కొనలేదు. ఆన్‌లైన్ దుకాణాలొచ్చాక మరీ ఎక్కువైంది. అప్పట్లో ఇక్కడ నెట్ ఎలా ఉండేదో కొత్తవాళ్ళకి చెప్తే నమ్మరు. ఒక ఫొటో తెరుచుకునేలోగా టీ తాగి రావచ్చు. అలాంటి నెట్‌తో కొనడం మాత్రం కొనేవాణ్ణి. దించుకోవడం కుదరదు. ఫెర్రీ రిపేరుకని చెన్నై వెళ్ళినప్పుడు హార్డ్ డిస్కు పట్టుకెళ్ళి, లాడ్జి గదిలో నింపుకుని, బట్టల మధ్య చుట్టి తెచ్చుకునేవాణ్ణి. సముద్రం అడుగున కేబుల్ వచ్చాక ఆ బాధ తీరింది. ఇప్పుడు అన్నీ ఇట్టే దిగుతాయి. ఆడటానికే ఎవరూ లేరు. ఒకటి ముగిస్తే గాని ఇంకొకటి కొననని నోటుబుక్కు అట్ట మీద రాసుకున్నాను. ఆన్‌లైన్లో కొన్నవి వందలు దాటాయి, వాటిలో ముగించినవి రెండు చేతుల వేళ్ళకి సరిపోతాయి. మొదట్లో సరోజ పోట్లాడేది. ఇప్పుడు గెస్టు గదిని గోదామంటుంది. "చుట్టాలొస్తే గోదాంలో పడుకోబెట్టాలా?" అంటుంది.

అమ్మ పోయి ఆరేళ్ళు దాటింది. నా చిన్నప్పుడు ఆడుకోవడానికి ఒక్క క్యాసెట్టే ఉండేది, మూడు గోడలే ఉండేవి, మూడో గోడ దగ్గర మెషీన్ చల్లారేదాకా విసనకర్రతో విసిరేవాణ్ణి. పక్కన కూర్చుని ఆమె వల అల్లుకుంటూ, "దూకినాడా?" అని అడిగేది. ఇప్పుడు పెద్ద తెర, మంచి కుర్చీ, ఎన్ని లోకాలో డిస్కు నిండా. దూకాడా అని అడిగే మనిషి లేదు. ఎవరిమీద గెలవాలని ఇవన్నీ కొన్నానో ఆయన కూడా లేడు. క్షమించానని చెప్పడానికి ఇది రాయడం లేదు. క్షమించలేదు. ఆయన తుడిచిన ఆ తుడుపు నేను పోయేదాకా పోదు.

మొన్న ఆదివారం ఆయన పదోరోజని తెలిసింది. దానికీ వెళ్ళలేదు. సరోజ చర్చి దగ్గరి స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది. ఖాళీగా ఉండలేక, కొన్న వాటిలోంచి చేతికందినదొకటి తెరిచాను. ఒక ముసలావిడ పడవలో దీవి నుంచి దీవికి ఉత్తరాలు చేరవేస్తుంది, అంతే ఆట. కొట్టడం లేదు, చావడం లేదు. గాలి చూసుకుని తెరచాప తిప్పాలి. కాసేపు చూద్దామని కూర్చున్నాను. సరోజ తిరిగొచ్చి, "అన్నం తిన్లేదా? టైం చూశారా?" అనేదాకా లేవలేదు. మధ్యాహ్నం దాటిపోయింది. అంతసేపూ మురళీ సేఠ్ ఒక్కసారి కూడా గుర్తుకురాలేదు. అది తట్టగానే ముందు కోపమొచ్చింది, అమ్మకి ద్రోహం చేసినట్టు, కాపలా వదిలేసి నిద్రపోయినట్టు. కోపం తగ్గేదాకా కుర్చీలోనే కూర్చున్నాను. తర్వాత సరోజతో, "నువ్వు తినేసెయ్. ఇంకొక్క దీవి ఉంది, ఆ ఉత్తరం ఇచ్చేసి వస్తాను" అన్నాను.